ఏడు ఫౌంటెన్లకు ఒకటే ట్యాంకు

ఆ పార్కుకి రోజూ వచ్చేవాళ్ళు వారం పేరు కోసం క్యాలెండరు చూడరు. సోమవారం పెద్ద గేటు దగ్గర సింహం ఫౌంటెన్ ఆడుతుంది. మంగళవారం బ్యాండు మండపం ముందు గొడుగు, బుధవారం నీడగడియారం చుట్టూ చేపలు, గురువారం గాజింటి ముందు మొగ్గ, శుక్రవారం ఇనుప వంతెన పక్కన కొంగ, శనివారం చెరువు గట్టున పడవ. ఆదివారం మటుకు పెద్దక్క. పార్కు నడిమధ్య, నాలుగు బాటలు కలిసేచోట, మూడంతస్తుల మేడంత ఎత్తు లేచి పడుతుంది. పొద్దున్నే నడవడానికొచ్చే ముసలాయనలు "ఇవాళ ఏ వారమోయ్?" అంటే, "కొంగ ఆడుతోంది కనపడటంలా? శుక్రవారం" అని చెప్పుకుంటారు.

ఏడు ఫౌంటెన్లుండగా రోజుకొకటే ఎందుకాడుతుందో వాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలిసింది నీళ్ళక్కకి.

ఆమెకి అసలు పేరు ఉంది, జీతం రిజిస్టరులో. పార్కులో అందరికీ నీళ్ళక్కే. యాభై రెండేళ్ళ మనిషి. భుజాన నడుమెత్తు ఇనుప కీ ఒకటి వేసుకుని తిరుగుతుంది. ఆ కీతో వాల్వు తిప్పితే ఫౌంటెన్ లేస్తుంది, వెనక్కి తిప్పితే పడుకుంటుంది. మోటారు లేదు, కరెంటు లేదు. పార్కు వెనక గుట్ట మీద రాతి ట్యాంకు ఉంది. దూరంగా ఉన్న వాగునుంచి కాలువ వచ్చి రాత్రంతా దాన్ని నింపుతుంది. ట్యాంకు గోడకి బయటవైపు ఎర్ర ఇనుప రేకు వేలాడుతుంటుంది, పక్కనే పన్నెండు గీతలు. లోపల నీళ్ళు తగ్గేకొద్దీ రేకు గీత గీతా దిగుతుంది. పార్కులో ఎక్కడ నిలబడ్డా ఆ రేకు కనబడుతుంది. చూడటం తెలిసినవాళ్ళకి.

ఏడూ ఒకేసారి తెరిస్తే గంటలో ట్యాంకు అడుగంటుతుంది. ఇది కట్టినవాళ్ళకీ తెలుసు. అందుకే ఒక పద్ధతి పెట్టారు. ఎవరైనా గొప్పవాళ్ళు పార్కు చూడటానికొస్తే, వాళ్ళు నడిచే దారిలో ముందరి ఫౌంటెన్‌ని వాళ్ళ కంట పడేలోపు తెరవాలి, వాళ్ళు మలుపు తిరగ్గానే వెనకదాన్ని మూసెయ్యాలి. చూసినవాళ్ళు ఏడూ ఎప్పుడూ ఆడుతున్నాయనుకునే వెళ్ళాలి. వాల్వు గుంటలన్నీ గుబురు పొదల వెనక ఉన్నది అందుకే. నీళ్ళక్క తాత దీన్ని ఒక్క మాటలో చెప్పేవాడు.

"ఏడుగురు అక్కచెల్లెళ్ళకి ఒకటే మంచి చీర. ఎవరు గడప దాటితే వాళ్ళకి కట్టి పంపాలి. మిగతా ఆరుగురూ తలుపు చాటునుండాలి. వీధిలోవాడు చూసి, అబ్బ, ఆ ఇంట్లో అందరివీ మంచి చీరలేరా అనుకోవాలి. అదీ మన పని."

ఆ పని తాతనుంచి నాన్నకి, నాన్ననుంచి ఆమెకి వచ్చింది. తాత కాలంలో గుంటకో మనిషి ఉండేవాడు. నాన్న కాలానికి ముగ్గురు మిగిలారు. ఇప్పుడు ఆమె ఒక్కతే. అందుకే రోజుకొకటి.

ఆ సోమవారం పొద్దున్న సూపరింటెండెంటు ఆమెని ఆఫీసు గదిలోకి పిలిచాడు. కుర్రవాడు, మంచివాడే. కాకపోతే ఏ కాగితం చేతికొస్తే ఆ కాగితాన్నే నమ్ముతాడు.

"నీళ్ళక్కా, కూర్చోండి. వచ్చే సోమవారం పెద్దావిడొకావిడ వస్తున్నారు. చారిత్రక ఉద్యానాల జాబితాలో మన పార్కుని చేర్చాలా వద్దా అని చూడటానికి. దరఖాస్తు నేనే రాశాను, చదవండి."

ఆమె చదివింది. గాజిల్లు గురించి, నీడగడియారం గురించి, ఇనుప వంతెన మీద పోతపోసిన తీగల గురించి బాగానే రాశాడు. మూడో పేజీలో ఆమె కన్ను ఆగిపోయింది. 'ఈ తోటలో ఏడు ఫౌంటెన్లు ఉదయం మొదలు సాయంత్రం దాకా ఎడతెగక ఆడుచుండును. పొదల మాటున కంటికి కనరాని పిట్ట యొకటి కమ్మగా కూయుచుండును.'

"ఇది ఎక్కణ్ణుంచి తెచ్చారు బాబూ?"

"పాత పుస్తకంలోదండి. ఎనభై ఏళ్ళ కిందట ఎవరో యాత్రికుడు చూసి రాశాడు. బాగుందని దించేశాను."

నీళ్ళక్కకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు ఛాతీ వెడల్పయింది. "బాబూ, ఆయన రాసింది నిజం కాదు. మా తాత ఆయన్ని ఏమార్చాడు. ఆ పిట్ట కూడా మా తాతే. గుంటల్లో ఉన్నవాళ్ళకి ఈల వేసి చెప్పేవాడు. పొడుగ్గా ఒకటంటే తెరువు. పొట్టిగా రెండంటే మూసెయ్."

సూపరింటెండెంటు మొహం పాలిపోయింది. "అయ్యో! దరఖాస్తు వెళ్ళిపోయిందండీ. ఆవిడొచ్చి, ఏవీ ఏడూ అంటే?"

"ఏడూ చూపిస్తాం. ఏముంది?"

"ఒక్కరే ఎలా చూపిస్తారు?" అతను పేపర్‌వెయిటు కింది మరో కాగితం తీశాడు. "ఇదీ చూడండి. జాబితాలోకి ఎక్కకపోతే పార్కు బాగుచేసే పని కాంట్రాక్టరుకి వెళ్తుంది. ఏడింటికీ మోటార్లు. పాత గొట్టాలు తీసేస్తారు. వాల్వు గుంటలు సిమెంటుతో పూడ్చేస్తారు. మీ ఉద్యోగానికి ఢోకా లేదు, టికెట్ల కౌంటరులో వేస్తామన్నారు."

నీళ్ళక్క కీ అందుకుని లేచింది. "సోమవారమే కదా. నాకు ఇద్దరు మనుషులున్నారు."

ఆ ఇద్దరు మనుషులూ ఆమె ఇంట్లోవాళ్ళే. ఒకరు మొగుడు, ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు చేసి రిటైరయినవాడు. ఇంకొకరు ఆయన అక్క, వీధి గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే వదినగారు. ఆవిడ సూది ఎంత పదునో నోరూ అంతే.

రిహార్సలు ఇంట్లోనే మొదలైంది. నీళ్ళక్క వంటింట్లో నిలబడి ఈల వేస్తే, కండక్టరు స్నానాల గది కుళాయి తిప్పాలి, వదిన పెరట్లో కుళాయి తిప్పాలి. నీళ్ళక్క రెండు వేళ్ళు నాలిక కింద పెట్టి పొడుగ్గా ఒకటి ఊదింది. పెరట్లో నీళ్ళు పడ్డాయి. స్నానాల గదిలో చప్పుడు లేదు. పొట్టిగా రెండు ఊదింది. పెరట్లో ఆగింది. స్నానాల గదిలో ధారాళంగా మొదలైంది.

"ఏమండీ! మూసెయ్యమంటే తెరుస్తారేం?"

"రెండు ఊదావుగా?" తడిసిన బనీనుతో కండక్టరు బయటికొచ్చాడు. "ఒక విజిలంటే స్టాప్. రెండంటే రైట్ రైట్. ప్రపంచమంతా అంతే."

"ప్రపంచం కాదు, మీ బస్సు."

"ముప్పై ఏళ్ళు వెయ్యి మందిని దింపి వెయ్యి మందిని ఎక్కించిన చెవులే ఇవి. మాట వింటాయా? పోనీ, మీ ఈల తిప్పెయ్యరాదూ? ఒకటంటే మూసెయ్, రెండంటే తెరువు. నాకూ సుళువు, నీకూ సుళువు."

నీళ్ళక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "మా తాతనాటి ఈలండీ అది. ఏడేళ్ళప్పుడు నేర్చుకున్నాను. ఇప్పుడు మీ బస్సు కోసం మార్చనా?"

"ఓరి నాయనో, తాత పేరు తీస్తే ఇక అప్పీలు లేదు" అన్నాడు కండక్టరు.

వదిన గుమ్మంలో నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటూ అంది, "వాడికి ఎందుకే అమ్మాయ్ చెప్పడం? చిన్నప్పుడు కుడి చెయ్యేదిరా అంటే అన్నం తినేది అనేవాడు. అన్నం పెడితేగాని తెలిసేది కాదు."

"అక్కా, నువ్వు నాకు తోబుట్టువువా, దానికా?"

"పనొచ్చినవాళ్ళకి."

వారమంతా ఇదే వరస. ఆఖరికి కండక్టరు రుమాలుకి ఒక ముడి వేసుకున్నాడు. ఒక ఈల, ఒక ముడి, తెరువు. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా చేశాడు. నీళ్ళక్క ఆలోచించి ఆయన్ని పడవ దగ్గర వేసింది. పెద్ద గేటునుంచి వచ్చేవాళ్ళకి పడవ ఆఖరిది. అప్పటికి అంతా ముగిసినట్టే, తప్పు చేసినా కొంపలంటుకోవు. వదినని పెద్దక్క దగ్గర పెట్టింది. తాతనాటి కీలు ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. మిగతా అయిదూ తనే పరిగెత్తి చూసుకుంటుంది.

పెద్దక్క విషయంలో ఒక మెలిక ఉంది. మిగతావాటి గొట్టాలు ట్యాంకు అడుగున మొదలవుతాయి. పెద్దక్క గొట్టం నాలుగో గీత దగ్గర మొదలవుతుంది. నీళ్ళు ఆ గీతకన్నా దిగితే మిగతా ఆరూ ఆడతాయిగాని పెద్దక్క నోరు విప్పదు. అందుకని పెద్దక్కని ఎప్పుడూ మొదట్లోనే, నీళ్ళు నిండుగా ఉండగానే చూపించాలి. తాత చెప్పిన లెక్క: చిన్నవి ఒక్కొక్కటీ ఒక గీత తాగుతాయి, పెద్దక్క రెండు. మొత్తం ఎనిమిది. ఇంకా నాలుగు మిగలాలి.

సోమవారం పొద్దున్న రేకు పన్నెండో గీత మీదుంది. నీళ్ళక్క చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని సింహం వెనక గుంటలో దిగి కూర్చుంది. గేటు వైపు రెండు కళ్ళూ పెట్టింది. తొమ్మిది దాటింది. తొమ్మిదింపావు. సూపరింటెండెంటు ఫోను చెవిన పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"నీళ్ళక్కా, కొంప మునిగింది! ఆవిడ టాక్సీవాడు వెనక గేటు దగ్గర దింపేశాడట. చెరువు వైపునుంచి వస్తున్నారు. మోకాలు నొప్పిట, వెనక్కి తిరిగి ఈ గేటుకి రమ్మంటే రానన్నారు!"

అంటే మొదటిది పడవ. కండక్టరు!

సూపరింటెండెంటు ముందుదారిన పరిగెత్తాడు. నీళ్ళక్క కీ భుజాన వేసుకుని పూలమళ్ళ వెనక అడ్డదారి పట్టింది. యాభై రెండేళ్ళ కాళ్ళు ఇరవై ఏళ్ళవయ్యాయి. ఇనుప వంతెన కిందికి చేరేసరికి ఒగరుస్తోంది. చెరువు గట్టున బూడిదరంగు చీరలో ఒకావిడ, చేతికర్ర ఊతంగా, నెమ్మదిగా మలుపు తిరగబోతోంది. నీళ్ళక్క గుండెల నిండా ఊపిరి పీల్చి పొడుగ్గా ఒకటి ఊదింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత పడవ అంచుల వెంట పన్నెండు తెడ్లలాగా నీళ్ళు లేచాయి. పెద్దావిడ మలుపు తిరిగి, ఆగి, తలెత్తి చూసింది. నీళ్ళక్క కళ్ళు మూసుకుని తెరిచింది. ముడి పనిచేసింది.

అక్కణ్ణుంచి అంతా చకచకా నడిచింది. కొంగ తెరిచింది. పెద్దావిడ వంతెన దాటేదాకా ఆగి, కొంగని మూసి, పడవ వైపు తిరిగి పొట్టిగా రెండు ఊదింది. పొదల చాటునే గాజింటికి పరిగెత్తింది. పెద్దావిడ గాజింట్లో చాలాసేపు ఉంది. అంతసేపూ బయట మొగ్గ రేకు రేకుగా విచ్చుకుంటూనే ఉంది. లోపలినుంచి సూపరింటెండెంటు గొంతు వినబడుతోంది, "అద్దాలన్నీ పాతవేనండి, పగిలింది మొత్తంమీద పదకొండే." అదయ్యాక నీడగడియారం. రాతి పలక మీద నీడ పదకొండు మీద పడుతుండగా దాని చుట్టూ మూడు చేపలూ నీళ్ళు చిమ్మాయి. సూపరింటెండెంటు గొంతు కుదుటపడింది. మధ్యలో రెండు జోకులు కూడా వేశాడు.

చేపల గుంటలో కూర్చున్న నీళ్ళక్క అప్పుడు తల తిప్పి గుట్ట మీది రేకు చూసింది.

ఎనిమిదో గీత మీద ఉండాల్సిన రేకు అయిదు మీదుంది.

గొట్టం ఎక్కడన్నా పగిలిందా? కాదు. రెండు ఊదింది తను. కండక్టరు చెవులకి రెండంటే రైట్ రైట్. పడవ గంటన్నరనుంచీ ఆడుతూనే ఉంది. చూసేవాళ్ళు లేకుండా, చెరువులోకి.

వెనక్కి వంతెన దాకా పరిగెత్తి, గొంతు పగిలేలా రెండు ఊదింది. తిరిగొచ్చి రేకు చూసింది. అది ఆగలేదు. ఇంకాస్త జోరుగా దిగుతోంది. అప్పుడర్థమైంది, రెండు విన్నప్పుడల్లా ఆయన ఇంకో చుట్టు తిప్పుతున్నాడు. ఎంత ఊదితే అంత నష్టం. స్వయంగా వెళ్దామంటే పెద్దావిడ అప్పుడే కర్ర ఊతంగా లేచి, పెద్దక్క బాట పట్టింది.

'ఈల తిప్పెయ్యరాదూ' అన్నాడు. తిప్పితే తాత సొమ్మేం పోయేది?

పెద్దక్క పొద వెనక వదిన స్టూలు మీద కూర్చుని, కీ వాల్వుకి తగిలించి, సిద్ధంగా ఉంది. నీళ్ళక్క వచ్చి చెయ్యెత్తేలోపే ఆవిడ కీ తిప్పేసింది. గొట్టంలో గరగరమంది. చప్పరించినట్టు గాలి వచ్చింది. పళ్ళెంలో రెండు చెంబుల నీళ్ళు పడి ఆగిపోయాయి. రేకు నాలుగో గీతకి వేలెడు కింద ఉంది.

"ఏమైందే?" వదిన గుసగుసగా అడిగింది.

"మీ తమ్ముడు."

"ఇంకేం అడగను."

పొద సందులోంచి పెద్దావిడ కనిపిస్తోంది. నాలుగు బాటలు కలిసేచోట, ఆగిపోయిన పెద్దక్క ముందు నిలబడింది. సంచిలోంచి దరఖాస్తు తీసి మూడో పేజీ తిప్పింది. "ఎడతెగక అని రాశారు కదూ?"

సూపరింటెండెంటు పెద్దక్క వైపు చెయ్యి చూపించాడు. "అదీ... ఇది పాడైందండి. నిన్నటిదాకా బానే ఉంది. వాల్వు పాతదయిపోయింది కదండీ, పాడైంది. ఎలాగూ మోటార్లు పెట్టిస్తున్నాం..."

పాడైంది.

ఆ మాట నీళ్ళక్క చెవిలో వేడి నూనె పోసినట్టయింది. ఎనభై ఏళ్ళుగా ఆ వాల్వుకి ఏడాదికి రెండుసార్లు నూనె పెట్టిన చేతులు తాతవి, నాన్నవి, తనవి. దాన్ని ఎవరూ పాడైందని అనలేదు. పొద చాటునుంచి బయటికి రాకూడదు. తాత కాలంనుంచీ అదే నియమం. అతిథికి ఫౌంటెన్ కనబడాలి, మనిషి కనబడకూడదు. ఊరుకుంటే ఈ పూటకి పరువు దక్కుతుంది, సూపరింటెండెంటు ఎలాగో సర్దుకుంటాడు. కానీ 'పాడైంది' అన్న మాట కాగితమెక్కుతుంది. ఆ కాగితం మీద సిమెంటు వస్తుంది.

నీళ్ళక్క రెండు చేతులతో కొమ్మలు తప్పించుకుని బాట మీదికొచ్చింది. కుచ్చిళ్ళు మోకాళ్ళ మీదికి, మట్టి మోచేతుల దాకా, భుజాన కీ.

"పాడవలేదమ్మా" అంది. "నీళ్ళు లేవు, అంతే. దీనికి పాడవడం తెలియదు."

సూపరింటెండెంటు కళ్ళతోనే దణ్ణం పెట్టాడు, వెళ్ళిపొమ్మని. ఆమె చూడనట్టే చెప్పుకుపోయింది. ఒకటే ట్యాంకు, ఏడు వాల్వులు, ఒకటే మంచి చీర. ఆ రాసినాయన కూడా మోసపోయాడనీ, ఆయన్ని మోసం చేసింది తన తాతేననీ. ఇవాళ వెనక గేటునుంచి వచ్చేసరికి వరస తారుమారైందనీ, అయినా నాలుగింటిని సమయానికి లేపామనీ. అయిదోదాని దగ్గర దెబ్బతిన్నది తన పంతం వల్లేననీ. చెబుతుంటే తల వంగలేదు.

పెద్దావిడ కర్ర మీద రెండు చేతులూ పెట్టి విన్నది. ఆఖర్న, "అయితే ఆ పిట్ట మీరేనన్నమాట" అంది. "నేను ఎటు వెళ్తే అటు ముందే వెళ్ళి కూస్తోంది, ఇదేం జాతి పిట్టా అని ఇందాకట్నుంచీ చూస్తున్నాను. ఇంకోటి కూడా అనుకున్నాను. పొద్దున్నుంచీ ఆడే ఫౌంటెన్ అయితే గట్టు తడిసి ఉండాలి కదా? మీ కొంగ గట్టు మీద దుమ్ముంది."

"చూశారా!" అంది పొద వెనకనుంచి వదిన. "ఆడదాని కన్ను."

"ఇంకా ఉన్నారా లోపల?"

"నేనూ ఉన్నానండి, రావచ్చా?" అంటూ వదిన స్టూలుతో సహా బయటికొచ్చింది. "కూర్చోండి, మోకాలు నొప్పన్నారు. మీ చీర అంచు కూడా ఊడింది, కర్ర తగులుకుంటోంది. రెండు నిమిషాలు." ఆవిడ అప్పుడే సంచిలోంచి సూదీ దారమూ తీసింది.

సరిగ్గా అప్పుడే కండక్టరు బాట మలుపులో కనిపించాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మొహం వెలిగిపోతోంది.

"ఏమే, చూశావా? రెండు ఊదావు, రైట్ రైట్ అని ఫుల్లుగా ఇచ్చాను. మళ్ళీ రెండు ఊదావు, ఇంకో చుట్టు తిప్పాను. పడవ చూడు, చెరువు మధ్యదాకా కొడుతోంది!"

కండక్టరు అందరి మొహాలూ చూశాడు. నెమ్మదిగా రుమాలు తీసి ముడి వంక చూశాడు.

"స్టాపా?" అన్నాడు.

ముందు నవ్వింది పెద్దావిడే. కర్ర కిందపడేలా నవ్వింది. తర్వాత వదిన. నీళ్ళక్క పెదవి బిగించింది గాని ఆగలేదు.

"వెళ్ళి మూసి రండి" అంది. "తప్పు మీది కాదు. మిమ్మల్ని తర్వాత తిడతాను."

"కాలువ ఇప్పుడూ పోస్తోందా?" అడిగింది పెద్దావిడ.

"గంటకో గీత పోస్తుందమ్మా."

"అయితే గంటన్నర కూర్చుంటాను. ఈలోగా నాకు వెనకవైపు చూపించండి. ముందువైపు అందరూ చూసిందే."

ఎనభై ఏళ్ళలో ఏ అతిథీ చూడని పార్కుని నీళ్ళక్క ఆ గంటన్నరలో చూపించింది. పొదల వెనక కాలిబాట, తాత అడుగులకి నాన్న అడుగులకి రాయి అరిగి దొన్నెలా గుంటపడినచోటు. సింహం గుంట గోడ మీద నాన్న మేకుతో గీసిన గుర్తులు, ఏ మలుపునుంచి ఎన్ని అంకెలు లెక్కపెడితే అతిథి చేరతాడో. చేపల వాల్వు మూత మీద ఎనిమిదేళ్ళప్పుడు తను పెట్టిన వేలిముద్ర, తడి సిమెంటు మీద. అప్పుడు చెంపదెబ్బ తిన్నది కూడా చెప్పింది. పెద్దావిడ ప్రతిచోటా ఆగింది. గుంట అంచున కూర్చుని, కళ్ళజోడు పైకి తోసుకుని, వాల్వు పళ్ళమీది నూనెని వేలితో తాకి చూసింది. నోటుబుక్కులో ఫౌంటెన్ల గురించి సగం పేజీ రాసింది, గుంటల గురించి నాలుగు పేజీలు.

సూపరింటెండెంటు వెనకాలే కాలు గాలిన పిల్లిలా తిరిగాడు. ఆఖరికి ఉండబట్టలేక అడిగాడు, "మేడం, ఆ వాక్యం... దరఖాస్తులోంచి కొట్టెయ్యమంటారా?"

"ఎందుకు కొట్టెయ్యడం? ఉంచండి. కింద ఇంకో వాక్యం రాయండి, ఎవరు పనిచేస్తే అలా కనిపించిందో." ఆమె లేచి నిలబడింది. "మోటారు ఫౌంటెను మా ఆఫీసు ముందూ ఉంది బాబూ, రోజూ చూస్తాను. దానికోసం ఇంత దూరం రానక్కర్లేదు. నేను రాసేది ఇదీ. గొట్టాలు ముట్టుకోకూడదు. గుంటలు పూడ్చకూడదు. ఈవిడ దగ్గర పని నేర్చుకోడానికి ఇద్దరిని పెట్టాలి. మీరు ఇవి చేస్తానంటేనే జాబితా."

"చేస్తాం మేడం, రేపే చేస్తాం."

"ఇద్దరిలో ఒకరు మా తమ్ముడు కాకుండా చూడండి" అంది వదిన, దారం పళ్ళతో తెంపుతూ.

నీళ్ళక్క కీ మీద కొత్తగా మట్టి అంటుకున్నట్టు కొంగుతో తుడిచింది, తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

రేకు అయిదో గీత దాటింది. పెద్దావిడ ఒక కోరిక కోరింది. వాల్వు తను తిప్పుతానంది. చేతులకి బలం చాలదని కండక్టరు కూడా గుంటలో దిగి కీ పిడి రెండో కొస పట్టుకున్నాడు. "మీరు ఊదితే మేం తిప్పుతాం" అంది పెద్దావిడ పొద వెనకనుంచి. "ముందువైపు వెళ్ళి నిలబడండి. పెద్దక్క లేవడం ఎప్పుడైనా ముందునుంచి చూశారా?"

నీళ్ళక్క చూడలేదు. లేచాక ఎన్నోసార్లు చూసింది. లేస్తుండగా చూడలేదు. ఆ సమయానికి తాత గుంటలోనే ఉండేవాడు, నాన్న గుంటలోనే, తనూ గుంటలోనే. ఆమె నాలుగు బాటలు కలిసేచోటికి, అతిథులు నిలబడే రాతి పలక మీదికి వచ్చింది. కుచ్చిళ్ళు కిందికి దించి సర్దుకుంది. ఎవరో బెంచీ మీదినుంచి, "ఇవాళ సోమవారం కదా, పెద్దక్క ఆడుతుందా?" అన్నారు.

"ఆడుతుంది" అంది.

రెండు వేళ్ళు నాలిక కింద పెట్టింది. పొడుగ్గా ఒకటి ఊదబోయి ఆగింది. పొద సందులోంచి తడిసిన చొక్కా వీపు ఒకటి కనబడుతోంది, చెవులు రిక్కించుకుని.

పొట్టిగా, గట్టిగా, రెండు ఊదింది.

"రైట్ రైట్!" అని పొద వెనకనుంచి కేక వినిపించింది. పెద్దక్క లేచింది.